పన్ను పీకించాలంటే స్టెంటు మాత్రలు ఆపాలా?

ఆళ్లగడ్డ నుంచి ఒక పాఠకురాలు రాశారు: “మా నాయనకు నాలుగు నెలల కింద గుండెపోటొస్తే నంద్యాలకు తీసుకుపోయినాం. అక్కడి నుంచి కర్నూలు పంపితే స్టెంటు వేసినారు. ఇప్పుడు పన్ను పీకించాలి. వారం రోజులు మాత్రలు ఆపమని తెలిసినాయన అంటున్నాడు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలున్నాయి. బాగానే ఉన్నాయి కదా, ఆపేద్దామా సార్?”

ఆపొద్దమ్మా.

డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే మనకు లెక్కే గుర్తొస్తుంది. తగ్గితే బొప్పాయి ఆకు రసం కోసం పరుగులు! స్టెంటు వేసుకున్నవారి విషయంలో లెక్క కాదు, వాటి పనితీరు ముఖ్యం. రక్తనాళంలో బెలూన్ ఉబ్బించినప్పుడు పేరుకున్న కొవ్వు అణిగి దారి తెరుచుకుంటుంది. కానీ నాళం లోపలి పొర కూడా చిట్లుతుంది. ప్లేట్‌లెట్లకు అది మామూలు గాయమే. వేలు తెగినట్టే అనుకుని వచ్చి అతుక్కుంటాయి, మిగతా ప్లేట్‌లెట్లను పిలుస్తాయి. పైగా అక్కడ కొత్తగా ఒక లోహపు జల్లెడ. 1977లో జ్యూరిక్‌లో గ్రుంట్‌జిగ్ తొలిసారి గుండె నాళంలో బెలూన్ ఉబ్బించినప్పటి నుంచీ డాక్టర్లకు ఈ తలనొప్పి ఉన్నదే.

అందుకే రెండు మాత్రలు. ఆస్పిరిన్ ఒక దారి మూస్తుంది. క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ ఇంకో దారి మూస్తుంది. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ, అంటే ఏడు నుంచి పది రోజులు, మళ్లీ కోలుకోదు. అయితే ఎముక మజ్జ రోజూ కొత్తవాటిని పంపుతూనే ఉంటుంది. మాత్ర ఆపితే వారం తిరిగేసరికి నాయన రక్తం మళ్లీ గడ్డకట్టే రక్తమే. స్టెంటు మీద కొత్త పొర కప్పుకోడానికి నెలలు పడుతుంది. గుండెపోటు వచ్చినవారికి మామూలుగా ఏడాది పాటు రెండు మాత్రలూ వాడమనేది అందుకే.

ఈలోగా స్టెంటులో గడ్డ కడితే అది మళ్లీ పెద్ద గుండెపోటే. 2017 మార్చి 12న నంద్యాల ఎమ్మెల్యే భూమా నాగిరెడ్డి ఆళ్లగడ్డలో గుండెపోటుకు గురై, నంద్యాల ఆసుపత్రిలో కన్నుమూసిన సంగతి మీ ఊళ్లో అందరికీ గుర్తే. పలుకుబడి ఉన్న మనిషికైనా ఆ నలభై కిలోమీటర్లు దగ్గర కావు కదా.

ఒక్క పన్నయితే మాత్రలు వాడుతూనే పీకవచ్చు. రక్తం కాస్త ఎక్కువసేపు కారుతుంది. దూది గట్టిగా కరిచిపట్టుకోవడం, అవసరమైతే ఓ కుట్టు, అంతే. పళ్ల డాక్టరుకు మాత్రల చీటీ ముందే చూపించండి, స్టెంటు వేసిన డాక్టరుకు ఒక ఫోన్ చేయండి.

ఇంకో మాట. పంటినొప్పికి మెడికల్ షాపులో అడిగి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోనివ్వకండి; పారాసిటమాల్ చాలు. గ్యాసు మాత్ర వాడుతుంటే పేరు చూడండి. ఒమెప్రజోల్ అయితే అది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది, మార్చమని అడగండి. మలం నల్లగా తారులా వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

పన్ను పీకించేది పొద్దున పూటే పెట్టుకోండి. రక్తం ఆగకపోతే చీకటి పడకముందే డాక్టరు అందుబాటులో ఉంటారు.