గట్టుమీది తెల్ల సీతాకోకచిలుక – మన సిఫార్సులు

వానలు పడిన తరువాత ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ముళ్లపొదలపై తెల్లని సీతాకోకచిలుకలు గుంపులుగా ఎగరడం చూసి, ఏ మందు పిచికారీ చేయాలని అడిగే రైతులున్నారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. లోపం మన బోధనలోనే ఉన్నది. తెల్ల సీతాకోకచిలుక అనగానే క్యాబేజీని తినే పురుగును మాత్రమే విద్యార్థికి చూపి ఊరుకుంటున్నాము.

మెట్ట పొదలలో ఎగిరే పయనీర్ వేరొక జాతి. 1793లో ఫాబ్రిషియస్ వర్ణించిన దీని శాస్త్రీయ నామం బెలినాయిస్ అరోటా. తెల్లని రెక్కల అంచున నల్లని పట్టీ, అందులో తెల్లని మచ్చలు ఉంటాయి. ఇది ఆరుదొండ కుటుంబపు మొక్కలపై గుంపుగా గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగులు ఒకేచోట చేరి తినడం వలన ఒక్కొక్కసారి పొద మోడువారుతుంది. రైతు భయపడేది అది చూసే. అయితే అవి పక్కనున్న పత్తిని ముట్టవు. ఆవ ఘాటునిచ్చే గ్లూకోసినోలేట్లు ఆరుదొండ కుటుంబంలోను, క్యాబేజీ కుటుంబంలోను ఉంటాయి. ఈ తెల్ల సీతాకోకచిలుకలకు ఆహారపు మొక్కను పట్టి ఇచ్చేది ఆ ఘాటే. పత్తిలో, వేరుశనగలో, కందిలో అది లేదు. (ఉల్లి ఘాటు వేరు.) ఇక పత్తికి చేటు తెచ్చే గులాబి రంగు పురుగు తల్లి రాత్రివేళ తిరిగే చిన్న గోధుమరంగు రెక్కలపురుగు. పట్టపగలు ఎండలో ఎగిరే తెల్ల సీతాకోకచిలుకపై చల్లిన మందు ఆ పురుగును తగ్గించదు. తేనెటీగలను మాత్రం చంపుతుంది.

దక్షిణాఫ్రికాలో ఇదే జాతి వేసవిలో కలహారీ వైపు నుండి ఈశాన్య దిశగా లక్షలాదిగా వలసపోతుంది. నగరాల మీదుగా సాగే ఆ వలసను అక్కడి ప్రజలు ఆగి చూస్తారు.

నాకు మరింత ఆందోళన కలిగించేది మరొక సిఫార్సు: "గట్లను శుభ్రంగా ఉంచండి." పిండినల్లికి, తెల్లదోమకు ఆశ్రయమిచ్చే తుత్తురబెండ, వయ్యారిభామ వంటి వాటిని తొలగించాలన్నది దాని ఉద్దేశం. అది సరైనదే. కాని కరపత్రంలో మొక్కల పేర్లు లేనప్పుడు యంత్రం ఏ పొదనూ వదలదు. తరాలుగా గట్టును పట్టి ఉంచిన ఆరుదొండ కూడా వేళ్లతో సహా పోతుంది. నల్లరేగడిలో పెద్దవాన వచ్చినప్పుడు ఆ గట్టు ఏమవుతుందో ఈ ప్రాంతంలో పనిచేసిన వారికి చెప్పనవసరం లేదు.

కాబట్టి సిఫార్సులో తీయవలసిన మొక్కల పేర్లతోపాటు ఉంచవలసిన వాటి పేర్లు కూడా రాయాలి. కీటక సేకరణ పెట్టె తెచ్చే విద్యార్థిని, ఆ కీటకం తిన్న మొక్క కొమ్మను కూడా తెమ్మని అడగాలి. వచ్చే ఖరీఫ్ శిక్షణ తరగతుల నుండే దీనిని మొదలుపెట్టవచ్చు. అదనపు వ్యయమేమీ లేదు.