పాత చీటీతో కళ్లలో చుక్కలు వేయకండి

ఎండలు ముదిరేసరికి చాలా ఇళ్లలో పిల్లలు కళ్లు నులుముకోవడం మొదలుపెడతారు. కళ్లు ఎర్రబడతాయి, పుసి తీగలు తీగలుగా సాగుతుంది, వెలుతురు చూడలేరు. నిరుడు డాక్టరు రాసిన చీటీ ఇంట్లోనే ఉంటుంది. అది లేకపోయినా మెడికల్ షాపులో దురదకు చుక్కలు కావాలంటే ఏదో ఒకటి చేతికిస్తారు. ఒకటి రెండు రోజుల్లో కళ్లు తేటపడతాయి. మందు బాగా పనిచేసిందని, దురద పుట్టినప్పుడల్లా అదే కొంటారు. ఆ సీసాలో స్టెరాయిడ్ ఉందేమో చూడండని తల్లిదండ్రులందరినీ వేడుకుంటున్నాను.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. శుక్లం ఆపరేషన్ తర్వాత, కంటి లోపల వాపు వచ్చినప్పుడు, నల్లగుడ్డు మార్పిడి చేసినప్పుడు చూపును కాపాడేది అదే. అయితే వారాల తరబడి వేస్తే కొందరికి కంటిలో ప్రెషర్ పెరుగుతుంది. లోపల ఊరే నీరు బయటికి పోయే సన్నని దారి బిగుసుకుపోతుంది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండే ప్రెషర్ 30 దాటిపోవచ్చు. పిల్లల్లో ఇది పెద్దవాళ్లకంటే త్వరగా, ఎక్కువగా పెరగవచ్చు. చాలామందికి నొప్పి తెలియదు. పైగా స్టెరాయిడ్ వల్ల కన్ను తెల్లగా, ఆరోగ్యంగా కనిపిస్తూనే ఉంటుంది. లోపల మాత్రం కంటి నరం దెబ్బతిని, పక్క చూపు ముందుగా పోతుంది. నీటికాసులంటే ఇదే. స్టెరాయిడ్‌తో శుక్లం కూడా రావచ్చు, కానీ దానికి ఆపరేషన్ ఉంది. నరం చచ్చిపోతే పోయిన చూపును ఎవరూ తిరిగి తేలేరు. దురద తగ్గడానికి వేసిన మందుతో బడికెళ్లే పిల్ల చూపు పోవడం నేను ఒప్పుకోలేని అన్యాయం.

సీసా మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లూరోమెథోలోన్, లోటెప్రెడ్నాల్ అని ఉంటే అది స్టెరాయిడే. యాంటీబయాటిక్‌తో కలిపి అమ్మేవాటిలో పేరు చివర 'డి' అనో 'డెక్స్' అనో ఉంటే చాలాసార్లు డెక్సామెథాసోన్ కలిసినట్టే. అక్షరాలు మరీ చిన్నవి. చదవలేకపోతే షాపులోనే అడగండి. అలర్జీ దురదకు ఓలోపటడిన్ వంటి స్టెరాయిడ్ లేని చుక్కలున్నాయి, చల్లటి తడిగుడ్డ కళ్ల మీద వేసుకోవడమూ ఉపశమనమిస్తుంది. ఏది సరిపోతుందో కంటి డాక్టరు చెబుతారు.

పొలం పనులు చేసేవారికి మరో మాట. వరి ఆకు కోసుకున్నా, ధాన్యపు పొట్టు పడినా నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు పడవచ్చు. దాని మీద స్టెరాయిడ్ పడితే ఫంగస్ చెలరేగి కన్నే పోవచ్చు. కన్ను ఎర్రబడి నొప్పి పుడుతుంటే, తెల్ల మచ్చ కనిపిస్తుంటే ఇంట్లో ఉన్న చుక్కలు వేయకుండా ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లండి.

మెడికల్ షాపుల అన్నదమ్ములారా, ఊళ్లలో వైద్యం చేసే ఆర్‌ఎంపీలారా, ఈ స్టెరాయిడ్ చుక్కలు షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా ఇవ్వకూడనివి. అడిగినవారు మీ ఊరివాళ్లే, మీ ఎరుకలోని పిల్లలే. ఇవ్వనని చెప్పి డాక్టరు దగ్గరికి పంపండి.

ఇప్పటికే నెలల తరబడి వేస్తున్నవారు భయపడి ఒక్కసారిగా మానేయొద్దు. డాక్టరు చెప్పినట్టు క్రమంగా తగ్గించాల్సి రావచ్చు. ఈ వారంలోనే వాడుతున్న సీసా పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎన్నాళ్లుగా వేస్తున్నారో దాచకుండా చెప్పి, ప్రెషర్, కంటి నరం రెండూ చూడమని అడగండి.