ఊపిరే కొలబద్ద

కర్నూలు నుండి కడపకు పోయే జాతీయ రహదారిపై, ఆళ్లగడ్డ దాటిన తర్వాత వచ్చే ఊరు చాగలమర్రి. అక్కడ మా ఖాలా ఇంటి వసారాలో ఒక వ్యాయామ సైకిలు ఉన్నది. మధుమేహానికి రోజూ నడవాలని వైద్యులు చెప్పగా, వాహనాల రద్దీలో నడవడానికి ఆమె జంకుతుంటే, కుమారుడు కొని పంపినది.

ఈమధ్య మేము వెళ్లేసరికి ఆమె చెమటతో తడిసి, కళ్లు తిరుగుతున్నాయంటూ మంచంపై కూర్చుని ఉన్నారు. "నీకు యాభై ఏళ్లు కదా అమ్మీ, నాడి 119 దాకా పోవాలి" అని కుమారుడు ఫోనులో చెప్పాడట. సైకిలు తెరపై 95 దాటలేదు. అందుచేత ఆమె బిగింపు మీటను తిప్పుతూ, ఇంకా ఇంకా తొక్కారు.

కుమారుడు లెక్క వేసిన పద్ధతి ప్రచారంలో ఉన్నదే. 220 నుండి వయసును తీసివేస్తే 170. అందులో 50 నుండి 70 శాతం, అనగా 85 నుండి 119 వరకు, మధ్యస్థ శ్రమ. పైహద్దును గమ్యంగా భావించడమే మొదటి పొరపాటు. పైగా ఇది సగటు లెక్క మాత్రమే. ఒకే వయసు వారి గుండెలన్నీ ఒకే తీరున కొట్టుకోవు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి. ఆమె రక్తపోటుకు వాడుతున్న మాత్ర అటెనలాల్. ఆ కోవకు చెందిన మందులు నాడి వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. శరీరం అలసిపోతున్నా అంకె పెరగదు.

తెరపై కనిపించే కేలరీలు కూడా అంచనాలే. బిగింపు 4 అంటే అన్ని సైకిళ్లపై ఒకే బరువు కాదు. మరి దేనిని నమ్మాలి?

మన ఊపిరిని. తొక్కుతూ ప్రక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. అది మధ్యస్థ శ్రమ. పాట కూడా హాయిగా సాగితే అది తేలిక శ్రమ, బిగింపు కొంచెం పెంచవచ్చు. రెండు మూడు మాటలకే ఊపిరి కోసం ఆగవలసి వస్తే అది తీవ్ర శ్రమ, కొత్తవారు వెంటనే తగ్గించాలి. స్వీడన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ కూడా మనిషికి తోచే శ్రమనే కొలతగా తీసుకుని 6 నుండి 20 వరకు ఒక మానం రూపొందించారు. అందులో 12 నుండి 14 వరకు మధ్యస్థం.

ఈ కొలతకు మరొక మేలు ఉన్నది. మన సీమ ఎండలలో, అదే బిగింపుపై తొక్కినా గుండె ఎక్కువగా కష్టపడుతుంది. రాత్రి నిద్ర లేకున్నా అంతే. మీటకు అది తెలియదు, ఊపిరికి తెలుస్తుంది. కనుక వేసవిలో ఫజ్ర్ నమాజు తర్వాతి చల్లని వేళ మేలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించినది వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ. రోజుకు 30 నిమిషాల చొప్పున ఐదు రోజులు చాలు. మొదట పది నిమిషాలతో ప్రారంభించి మెల్లగా పెంచుకోవాలి. మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు నెమ్మదిగా తొక్కాలి. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే మాత్రలు గాని వాడేవారు పరగడుపున తొక్కే ముందు, ఉపవాస దినాలలో తొక్కే ముందు వైద్యుని అడిగి తీరాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఆగినా తీరని ఆయాసం కనిపిస్తే వెంటనే దిగి వైద్యసహాయం పొందాలి.

ఖాలా వైద్యుని సంప్రదించిన తర్వాతే మళ్లీ సైకిలెక్కారు. ఇప్పుడు తెరపై ఒక గుడ్డ కప్పి ఉన్నది. మనవరాలు ప్రక్కన పీట వేసుకుని బడి కబుర్లు అడుగుతుంది. నానీ బదులు చెబుతున్నంత సేపు వేగం సరిపోయినట్లే. మాట తెగితే, "నానీ, మెల్లగా" అని ఆ పిల్లే హెచ్చరిస్తుంది.