కరెంటు బస్సులో డ్రైవర్ సీటు ఎవరిది?



పోయిన వారం ఎస్సీ వర్గీకరణ చట్టం గురించి రాస్తూ మధ్యలో ఆపిన మాట ఒకటుంది. ముప్పై ఏళ్లు కొట్లాడి, 2025 ఏప్రిల్ 14 నుంచి 15 శాతాన్ని మూడు గ్రూపులుగా పంచుకున్నాం. బాగుంది. కానీ దేనిలో 15 శాతం? ఈసారి ఆ ప్రశ్నను హైటెక్ సిటీ రోడ్డు మీదికి తీసుకొస్తున్నాను.

పొద్దున ఎనిమిదింటికి రాయదుర్గం మెట్రో దగ్గర నిలబడి చూడండి. గ్రీన్ మెట్రో లగ్జరీ చప్పుడు లేకుండా వచ్చి ఆగుతుంది. మెడలో ఐడీ కార్డులున్న పిల్లలు ఎక్కుతారు. టిఫిన్ డబ్బా సంచి పట్టుకున్న ఆడవాళ్లు ఎక్కరు. వాళ్లూ ఆ టవర్లలోకే పోవాలి, బాత్రూములు కడగడానికి. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి ఆ ఏసీ బస్సుకు వర్తించదు. జీరో టికెట్ ఇచ్చే ఆర్డినరీనో మెట్రో ఎక్స్‌ప్రెస్సో వచ్చేదాకా డీజిల్ పొగలో నిలబడాల్సిందే.

2023 సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలో జెండా ఊపి మొదలుపెట్టిన 25 బస్సులూ ఏసీవే. 2024 మార్చిలో 22 నాన్ ఏసీ ఎలక్ట్రిక్ మెట్రో ఎక్స్‌ప్రెస్‌లు వచ్చాయి, వాటిలో ఆడవాళ్లకు టికెట్ లేదు. అది మంచి పని, మంచి పనే అంటాను. (అంతకు ముందు ఫార్ములా ఈ రేసు పుణ్యమా అని మూడు డబుల్ డెక్కర్ కరెంటు బస్సులు హుస్సేన్ సాగర్ చుట్టూ తిరిగాయి. పనికి పోయేవాళ్లకు వాటితో పనిలేదు కాబట్టి వదిలేద్దాం.)

కరెంటు బస్సు మీద నాకు కోపం లేదు. రోడ్డు ఊడ్చేవాళ్లు, బండి మీద ఇడ్లీ అమ్మేవాళ్లు, సిగ్నల్ దగ్గర నిలబడేవాళ్లు, ఈ పొగ ముందుగా ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందో మనకు తెలుసు. మన కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే కనుక పొగలో కొంత రామగుండానికో పాల్వంచకో మారుతుందని కూడా తెలుసు. అయినా ఈ బస్సులు రావాలి.

నా లొల్లి అంతా డ్రైవర్ సీటు గురించి.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో 1929 నాటి చాలీస్‌గావ్ సంగతి చెప్తారు. అంటరానివాణ్ని ఎక్కించుకుని బండి నడపడం నామోషీ అని టాంగావాళ్లు ఒప్పుకోలేదు. బండి మాత్రం ఇచ్చారు. అలవాటు లేని మహర్ మనిషి ఒకాయన పగ్గాలు పట్టాడు. కల్వర్టు మీద చక్రం ఇరుక్కుని బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది. క్లాసులో ఈ భాగం చెప్పినప్పుడల్లా నాకు మా మేనమామ గుర్తొస్తాడు. ఆయన ఆర్టీసీ డ్రైవర్. ఊరి హోటల్లో మాకు వేరే గ్లాసు ఉన్న రోజుల్లో, అదే ఊరి పెద్దమనుషులు ఆయన నడిపే బస్సెక్కి వెనక కూర్చునేవాళ్లు. నా పీహెచ్‌డీ వెనకా ఆ ఖాకీ జీతమే ఉంది.

ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సు లెక్క చూడండి. దీన్ని గ్రాస్ కాస్ట్ కాంట్రాక్టు అంటారు. బస్సు కంపెనీది, డ్రైవర్ కంపెనీ మనిషి, మరమ్మతూ కంపెనీదే. కండక్టర్ ఆర్టీసీ. నడిచిన ప్రతి కిలోమీటరుకూ ఇంత అని ఆర్టీసీ కంపెనీకి కడుతుంది. డబ్బు మనది, నిలబెట్టే డిపో మనది, సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వమూ మనదే. రోస్టర్ పాయింట్ మాత్రం లేదు, ఎందుకంటే ప్రైవేటు కంపెనీకి రిజర్వేషన్ లేదు.

పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించారు. రోజుకు రెండు షిఫ్టులే అనుకున్నా 4,000 మంది డ్రైవర్లు. అందులో 15 శాతం 600 మంది. ఇది నా కాగితం లెక్కే, సెలవులూ వీక్లీ ఆఫ్‌లూ కలిపితే ఇంకా పెరుగుతుంది. ఆర్టీసీలో 3,035 పోస్టులు నింపుతామని 2024లో చెప్పిన ప్రకటనలో డ్రైవర్ పోస్టులు 2,000. ఒక చేత్తో ఇచ్చినదానికంటే రెండో చేత్తో పోయేది ఎక్కువ.

ఆర్టీసీ దగ్గర డబ్బులేదు, ఒక్కో బస్సు కోటి దాటుతుంది, అప్పుల్లో ఉన్న సంస్థ ఎట్లా కొంటుంది అంటారు. నిజమే, ఆ ఇబ్బందిని నేను కొట్టేయను. కానీ కంపెనీకి పోయే సబ్సిడీ నేరుగా ఆర్టీసీకి ఎందుకు రాకూడదు? 2025 మే 7 నుంచి సమ్మె అని నోటీసిచ్చి వాయిదా వేసుకున్న జేఏసీ డిమాండ్లలో ఎలక్ట్రిక్ బస్సులు సంస్థే కొనాలన్నదీ ఉంది. యూనియన్లు ఉద్యోగ భద్రత కోణంలో అడిగాయి, మన సంఘాలు సామాజిక న్యాయం కోణంలో అడగలేదు. వర్గీకరణ సంబరాల్లో మేమూ మర్చిపోయాం, నన్ను కూడా కలుపుకునే అంటున్నాను.

అదీ కుదరదంటే టెండర్‌లో ఒక షరతు రాయండి. బస్సు పొడవెంత, ఛార్జింగ్ ఎంతసేపు, ఆలస్యమైతే జరిమానా ఎంత, అన్నీ రాసే చేతికి డ్రైవర్లను రోస్టర్ ప్రకారం తీసుకోవాలని రాయడం బరువా? గ్యారేజీలో డీజిల్ ఇంజిన్ విప్పి బిగించిన మెకానిక్‌కు బ్యాటరీ పని నేర్పి అక్కడే ఉంచాలనీ రాయవచ్చు.

ఈ నెలలో ఆర్టీసీకి ఒక సమాచార హక్కు దరఖాస్తు పెడుతున్నాను. గ్రేటర్ హైదరాబాద్‌లో తిరిగే ఎలక్ట్రిక్ బస్సుల డ్రైవర్లు ఎంతమంది, నెల జీతమెంత, వాళ్లలో ఎస్సీ ఎస్టీలు ఎందరు. మూడే ప్రశ్నలు. జవాబు రాగానే ఉన్నదున్నట్టు ఇక్కడ పెడతాను. వచ్చే వారం 2019 నాటి 52 రోజుల సమ్మె గురించి రాస్తాను.

జై భీమ్.