ఏటా ఒక చిత్రం, రోజూ ఒక భోజనం



మన సంఘాలలో డిగ్రీ ముగించిన యౌవనస్థుల్లో కొందరు ఈ మధ్య కొత్త కోరిక చెబుతున్నారు. ఒకరు "ఎడిటింగ్ నేర్చుకుంటాను" అంటారు. ఒకరు "యానిమేషన్ చేస్తాను" అంటారు. ఇంకొకరు "డాక్యుమెంటరీలు తీస్తాను" అంటారు. తల్లిదండ్రులు వెంటనే అడిగేది, "ఏ కంపెనీలో? జీతమెంత?" అని. "కంపెనీ లేదు, నెల జీతం లేదు. ఫ్రీలాన్స్‌గా చేసుకుంటాను" అని జవాబు వస్తుంది. ఇక తండ్రికి ఆ పూట అన్నం సహించదు. తల్లి పాస్టరు గారితో ప్రార్థన చేయించడానికి బయలుదేరుతుంది.

ఫ్రీలాన్స్ అనేది వింత విషయమేమీ కాదు. ఒకరి దగ్గర కొలువు చేయకుండా, వచ్చిన పని ఒప్పుకొని, చేసి ఇచ్చి, డబ్బు పుచ్చుకోవడమే. మన వడ్రంగులు, దర్జీలు, తాపీమేస్త్రీలు తరతరాలుగా ఇలాగే బ్రతుకుతున్నారు. కొరింథులో అపొస్తలుడైన పౌలు అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టి తన అవసరాలు తీర్చుకున్నాడు (అపొ. కార్య. 18:3).

అయితే ఇందులో నిజమైన అపాయం ఒకటి ఉన్నది. యజమాని లేనివానికి సాయంత్రం గంట కొట్టేవారు ఉండరు. పని లేని నెలలో దిగులు, పని ఉన్న నెలలో తీరిక లేకపోవడం. ఈ రెండింటిలోనూ నలిగేది ఇల్లే. డబ్బు కంటె ముందు మనం ఆలోచించవలసినది ఈ సంగతి. అందుకే ఈ నెల ఒక దంపతుల జీవితం మీ ముందు ఉంచుతున్నాను. వారు అమెరికాలో చిత్రాలు తీసిన జాన్ హబ్లీ, ఫెయిత్ హబ్లీ.

ఫెయిత్ అంటే విశ్వాసం అని అర్థం. పేరు అలా ఉన్నదని ఆమెను మన సంఘస్థురాలుగా చెప్పడం లేదు. ఆమె యూదు కుటుంబంలో పుట్టినది. సోమరిని చీమల దగ్గరకు వెళ్ళి బుద్ధి తెచ్చుకొమ్మని సామెతల గ్రంథం చెబుతున్నది గదా (6:6). మంచి పాఠం ఎవరి ఇంట దొరికినా నేర్చుకోవడానికి మనకు సిగ్గు ఉండకూడదు.

ఫెయిత్ 1924లో న్యూయార్క్‌లో పుట్టినది. 15 ఏళ్ళకే ఇల్లు విడిచి నాటకాల వారి దగ్గర పనికి చేరినది. 18 ఏళ్ళకు హాలీవుడ్ వెళ్ళి కొలంబియా పిక్చర్స్‌లో కాగితాలు అందించే పనిలో కుదిరినది. అక్కడి నుండి శబ్దాలు, సంగీతం కూర్చే ఎడిటరుగా ఎదిగినది. తరువాత న్యూయార్క్ తిరిగి వచ్చి, దొరికిన పని దొరికినట్టు చేసినది. 1954లో వచ్చిన 'గో మ్యాన్ గో' అనే బాస్కెట్‌బాల్ చిత్రానికి ఎడిటింగ్ చేసినది. 1957లో వచ్చిన '12 యాంగ్రీ మెన్' అనే ప్రసిద్ధ చిత్రానికి స్క్రిప్ట్ సూపర్‌వైజరు ఆమెయే. అంటే, నటుడు ఏ మాట దగ్గర చెయ్యి ఎత్తాడో, గ్లాసులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో వ్రాసిపెట్టుకొని, మరుసటి షాట్‌లో తేడా రాకుండా చూసే మనిషి. అలాంటి చోటుల్లో పేరు రాదు గాని పని వస్తుంది.

జాన్ దారి వేరు. ఆయన 1914లో పుట్టాడు. డిస్నీ స్టూడియోలో మంచి ఉద్యోగం. 1937లో వచ్చిన 'స్నో వైట్'కు పనిచేసిన చిత్రకారులలో ఆయన ఒకడు. 1941లో అక్కడి పనివారు సమ్మె చేసినప్పుడు బయటికి వచ్చాడు. తరువాత యు.పి.ఎ. అనే స్టూడియోలో చేరి, 1949లో చూపు సరిగా ఆనని 'మిస్టర్ మాగూ' అనే బొమ్మ ముసలాయనకు రూపమిచ్చాడు. ఆ రోజుల్లో కమ్యూనిస్టులను వెదికే పేరిట అమెరికా కాంగ్రెసు కమిటీ సినిమావారిని విచారించేది. తోటివారి పేర్లు చెప్పనివారికి పని దొరకకుండా పోయేది. ఆ ఒత్తిడిలో 1952లో జాన్ ఆ ఉద్యోగమూ పోగొట్టుకున్నాడు. తన పేరు బయట పడకుండా టెలివిజన్ ప్రకటనలు చేసుకొని బ్రతకవలసి వచ్చినది. నెల జీతం రాతి గోడ వంటిదని నమ్మే తల్లిదండ్రులు ఈ సంగతి కూడా గమనించాలి. పెద్ద స్టూడియోలో పెద్ద పేరున్నవాడు సైతం ఒక్క గాలికి బయట పడ్డాడు.

1955లో వారిద్దరూ వివాహం చేసుకున్నారు. చేతిలో స్థిరమైన కొలువు లేదు. ఆ సమయంలో వారు ఒకరికొకరు రెండు మాటలు ఇచ్చుకున్నారు. మొదటిది, బ్రతుకుతెరువుకు ఏ పని చేసినా ఏటా ఒక చిత్రం మాత్రం ఎవరి వ్యాపారం కోసమూ కాకుండా తమ మనస్సులో ఉన్నది చేయాలి. రెండవది, పిల్లలతో కలిసి కూర్చుని భోజనం చేయాలి.

మొదటి మాట గొప్పగా ఉన్నది, రెండవది చిన్నదిగా ఉన్నది అనిపిస్తుంది. యానిమేషన్ పని తెలిసినవారికి ఆ చిన్న మాట బరువు తెలుస్తుంది. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు 12 బొమ్మలు కావాలి. 10 నిమిషాల చిత్రానికి అది 7,200 బొమ్మలు. ప్రకటన ఇచ్చినవాడు గడువు పెడతాడు. బొమ్మ మిగిలిపోయినది, శబ్దం సరిపడలేదు, ల్యాబు నుండి రీలు రాలేదు. ఇన్ని మధ్య బల్ల మీద నుండి లేచి అన్నానికి రావాలి.

ప్రకటనల పని వారికి అన్నం పెట్టినది. 1956లో వారు మేపో అనే పిల్లల ఆహారానికి చేసిన ప్రకటనలో మారాం చేసే పిల్లవాని గొంతు వారి కుమారుడు మార్క్‌దే. అది దేశమంతటా పేరు పొందినది. పౌలుకు డేరాలు ఎలాగో వారికి ప్రకటనలు అలాగు. అయితే డేరాలు కుట్టడంలోనే పౌలు ఆగిపోలేదు, ప్రకటనలతోనే వీరూ ఆగలేదు. 1957లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం కొరకు ఒక చిత్రం చేశారు. అక్కడి నుండి ఆ మాట నిలుపుకుంటూ వచ్చారు. ఫెయిత్ నిర్మాతగా డబ్బు, మనుషులు, గడువులు చూసుకునేది. కథ, ఎడిటింగ్ ఇద్దరూ కలిసి చేసేవారు.

ఇక వారికి గొప్ప పేరు తెచ్చిన చిత్రం సంగతి. తమ ఇద్దరు చిన్న కుమారులు ఆడుకుంటూ మాట్లాడుకునే మాటలను వారు టేపు మీద రికార్డు చేశారు. ఎవరూ వ్రాసి ఇచ్చిన మాటలు కావవి. తమ్మునికి ఇంకా మాటలు సరిగా రావు, అన్న వానికి అన్నీ తెలిసినట్టు నేర్పుతుంటాడు. ఆ టేపును డాక్యుమెంటరీ ఎడిటర్లు చేసినట్టే విని, విని, ఏది ఉంచాలో ఏది తీసివేయాలో తేల్చి, ఆ తరువాత ఆ గొంతులకు బొమ్మలు వేశారు. అన్నదమ్ములిద్దరు రాత్రివేళ రహస్యంగా బయటికి వెళ్ళి ఒక వింత పక్షిని పట్టడానికి ఉచ్చు పన్నడం కథ. పేరు 'మూన్‌బర్డ్', 1959. కొద్ది మంది కలిసి ఇంటి పనివలె చేసిన ఆ 10 నిమిషాల చిత్రానికి ఆస్కార్ బహుమతి వచ్చినది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ చిత్రానికి ముడిసరుకు ఎక్కడిది? ఇంట్లో పిల్లల కబుర్లు. రాత్రి 11 గంటలకు వచ్చి నిద్రపోతున్న పిల్లలను చూసి పక్క మీద వాలే తండ్రికి ఆ కబుర్లు ఎలా తెలుస్తాయి? ఇంట్లో కూర్చున్నప్పుడు, త్రోవను నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమని మోషే ఇశ్రాయేలీయులకు చెప్పాడు (ద్వితీ. 6:7). దానికి ముందు అసలు పిల్లలతో కలిసి కూర్చోవాలి గదా. హబ్లీ దంపతులు పిల్లలకు ఇచ్చిన సమయం పనిని చెడగొట్టలేదు. ఆ పనికి అదే విత్తనమైనది. 1968లో 'విండీ డే', 1973లో 'కాకబూడీ' అనే చిత్రాలను కుమార్తెలు ఎమిలీ, జార్జియాల మాటలతో ఇదే విధంగా చేశారు. ఎమిలీ పెద్దదై తానూ యానిమేషన్ చిత్రాలు చేసినది.

పెద్దల మాటలతోనూ వారు ఇలాగే పనిచేశారు. 1962లో చేసిన 'ద హోల్' అనే చిత్రంలో ఇద్దరు కూలీలు భూమి క్రింద పనిచేస్తూ, అణుయుద్ధం పొరపాటున వస్తే ఏమవుతుందని వాదించుకుంటారు. ఒకరి గొంతు ప్రసిద్ధ సంగీతకారుడు డిజీ గిలెస్పీది. ఆ మాటలు కూడా అప్పటికప్పుడు మాట్లాడి రికార్డు చేసినవే. దానికీ ఆస్కార్ వచ్చినది. 1966 చిత్రానికి ఇంకొకటి వచ్చినది.

తరువాత కష్టకాలం వచ్చినది. 1970ల మధ్యలో ఫెయిత్‌కు క్యాన్సరు అని తెలిసినది. అప్పటికి వయస్సు 50 దాటినది. ఆ కాలంలోనే, 1975లో, ఆమె మొదటిసారిగా తన ఒక్కతి పేరుమీద ఒక చిత్రం చేసినది. 1977 ఫిబ్రవరిలో గుండె ఆపరేషన్ జరుగుతుండగా జాన్ కన్ను మూశాడు. అప్పటికి 'డూన్స్‌బరీ స్పెషల్' అనే టెలివిజన్ చిత్రం సగంలో ఉన్నది. దుఃఖంలో ఉన్న ఆ భార్య, ఆ కథ రచయిత గ్యారీ ట్రూడోతో కలిసి దానిని పూర్తి చేసినది. ఆ సంవత్సరమే అది ప్రసారమైనది.

ఇచ్చిన మాటలో సగభాగస్థుడు పోయాడు. ఇక ఆ మాట ఎవరు అడుగుతారు? ఎవరూ అడగరు. అయినా ఫెయిత్ దాదాపు ఏటా ఒక చిత్రం చొప్పున చేస్తూనే ఉన్నది. ఒకవైపు యేల్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్ పాఠాలు చెప్పినది. 2001 డిసెంబరు 7న, 77వ ఏట ఆమె మరణించినది. ఆ సంవత్సరం కూడా ఒక చిత్రం ముగించే వెళ్ళినది. జబ్బు తెలిసిన తరువాత పాతికేళ్ళు, ఇరవైకి పైగా చిత్రాలు! మ్రొక్కుకొని చెల్లించకపోవడం కంటె మ్రొక్కుకొనకపోవడమే మేలని ప్రసంగి హెచ్చరించాడు (5:5). దేవుని సన్నిధిలో పెండ్లి ప్రమాణం చేసిన మనం, బాప్తిస్మంలో సమర్పించుకున్న మనం, మన మ్రొక్కుబళ్ళను ఎన్నేళ్ళు జ్ఞాపకం ఉంచుకుంటున్నాము?

ఇప్పుడు తల్లిదండ్రులతో ఒక మాట. మీ కుమారుడో కుమార్తెయో ఈ పనిలోకి వెళ్తానంటే "జీతమెంత?" అన్న ప్రశ్న అడగండి, తప్పు లేదు. దానితోపాటు "నీకు నీవు పెట్టుకునే నియమం ఏది?" అని కూడా అడగండి. దానికి జవాబు లేకపోతే ఇంకొంత కాలం ఎవరి దగ్గరనైనా పని నేర్చుకొమ్మని చెప్పండి. ఫెయిత్ కూడా కాగితాలు మోసి, ఇతరుల చిత్రాలకు పనిచేసి, ఆ తరువాతనే తన చిత్రాల దగ్గరకు వచ్చినది. బెసలేలును దేవుడు పేరుపెట్టి పిలిచి, విచిత్రమైన పనులు చేసే నేర్పుతో నింపాడని నిర్గమకాండం చెబుతున్నది (31:1-5). బొమ్మలు వేసే చెయ్యి తక్కువ చెయ్యి కాదు.

యౌవనస్థులారా, మీతో ఒక మాట. డేరాల పనికి, మీ మనస్సులోని పనికి లెక్కలు వేరుగా ఉంచుకోండి. పని ఒప్పుకునే ముందే ధర, గడువు, ఎన్నిసార్లు మార్పులు చేసి ఇస్తారో కాగితం మీద వ్రాయించుకోండి. కొంత అడ్వాన్సు పుచ్చుకోండి. ఎడిటింగ్ అంటే ఏది ఉంచాలో ఏది తీసివేయాలో నిర్ణయించడమే గనుక, ఆ నేర్పు మీ దినచర్య మీద కూడా చూపండి. ప్రార్థన వేళ, భోజనం వేళ, ఆదివారపు ఆరాధన, ఈ మూడింటి మీద కత్తెర పెట్టకండి. మిగతావాటిని కత్తిరించండి.

సంఘ పెద్దలతో చివరి మాట. కూటాల వీడియో, క్రిస్మస్ పాటల వీడియో, సువార్త చిత్రం, ఏది కావాలన్నా "మన పిల్లవాడే గదా, దేవుని పని గదా" అని నాలుగు రాత్రులు మేలుకొలిపి, చివరకు ఒక శాలువా కప్పి పంపుతున్నాము. పనివాడు తన జీతానికి తగినవాడని చెప్పినది మన ప్రభువే (లూకా 10:7). ఆ పిల్లవానికి ఇంటి అద్దె ఉన్నది. కంప్యూటరు కొనడానికి చేసిన అప్పు ఉన్నది. వాడు ఉచితంగా ఇవ్వగోరితే ఇవ్వనివ్వండి, అది వాని కానుక. మనం అడిగి పుచ్చుకుంటే అది మన బాకీ. సంఘం బాకీ ఉండకూడదు.

ఈ వారంలో ఒక రాత్రి, టీవీ ఆపి, ఫోనులు ప్రక్కన పెట్టి, ఇంటిల్లిపాది ఒక్కచోట భోజనానికి కూర్చోండి. పిల్లలను మాట్లాడనివ్వండి. మీరు మధ్యలో దిద్దకండి, వినండి. మీ ఇంట పెరుగుతున్నది ఎడిటరో, చిత్రకారుడో, సేవకుడో ఆ మాటల్లోనే తెలియవచ్చును.

మీ పిల్లల చేతి పనిని, మీ ఇంటి భోజనపు బల్లను ప్రభువు దీవించును గాక. ఆమేన్.