కుట్టని కుట్టుయంత్రములు

గడచిన మాఘమాసమున మా బంధువులలో నొకరి గృహప్రవేశమునకు పోయియుంటిని. భోజనానంతరము చేయి కడుగుకొనుటకు లేవగా, నల్లరాతిపలకలో పొదిగిన గిన్నెయు, దానిపై ఇత్తడికుళాయియు, పలక క్రింద పోతయినుప కాళ్లును కనబడినవి. ఆ కాళ్లనడుమ తీగెలల్లినట్లున్న నగిషీలో సింగరు అను పేరు ఆంగ్లాక్షరములలో నున్నది. త్రొక్కుడుపలక కదలకుండ అతుకువేసి యున్నది. "నూరేండ్లనాటి మిషను కాళ్లండీ, పాతయినుము కొట్టులో దొరికినవి" అని గృహస్థు మిక్కిలి సంతోషముతో చెప్పెను. మిషను తల యేమాయెనని యడిగితిని. "అది బిగుసుకొనిపోయినదండీ, తిరగదు. కొట్టులోనే వదలివచ్చినాము" అనెను.

ఆ పలకను చూచినంతనే నాకు మా మేనత్త పాదములు జ్ఞప్తికి వచ్చినవి. ఇరువదియారవ యేట భర్తను పోగొట్టుకొని, ఇద్దరు బిడ్డలతో పుట్టినింటికి చేరిన యామె, వాయిదాలమీద కొన్న కాలిమిషను త్రొక్కి, రవికెలును లంగాలును బడిపిల్లల నిక్కర్లును కుట్టి, అన్నదమ్ముల యెదుట చేయి చాపకుండ ముప్పదియేండ్లు బ్రతికినది. ఆమె మిషను పలకమీది నగిషీ మడమ యానుచోట అరిగి నున్ననై యుండెడిది. చదువు చెప్పింపని సంఘము, పునర్వివాహము కానీయని సంఘము, ఆస్తిలో పాలీయని సంఘము ఆ కాలపు స్త్రీకి మిగిల్చిన కొలది త్రోవలలో ఈ యినుపపలక యొకటి. దానిపై నేడు మనము ఎంగిలిచేయి కడుగుచున్నాము.

పాతవస్తువులను సేకరింపరాదని నేననను. సేకరణమను పేరిట జరుగుచున్నదానిని గూర్చియే నా తగవు. పట్టణములలో ఈ వేడుక ముదిరినది. కాళ్లు భోజనపుబల్లలగుచున్నవి, సొరుగులు పూలతొట్లగుచున్నవి, తలలు హోటళ్ల గోడలపై వరుసదీరుచున్నవి. లండనులో ఒక బట్టల వర్తకసంస్థ తన దుకాణపు టద్దముల వెనుక ఇట్టి నల్లతలలను వందలకొలది పేర్చి బాటసారుల నాకర్షించినది. ఒక మిత్రుని యింట నలువది యంత్రములు చూచితిని. వీనిలో కుట్టునవి యెన్నియని యడుగగా, "ఇవి కుట్టడానికి కాదండీ, చూడడానికి" అని నవ్వెను. వీణలు నలువది యుంచి యొక తీగెయు మీటనివానిని మనము సంగీతప్రియుడందుమా?

"మేము కొనకున్నచో అవి కొలిమిలో కరగిపోవును" అని వీరి సమాధానము. ఇందు కొంత నిజము కలదు. పాతయినుము కొట్టువానికి యంత్రమనిన తూకమేగాని పని కాదు. కాని కాళ్లకు గిరాకి పెరిగినకొలది, తలతో కూడ చక్కగా తిరుగుచున్న యంత్రములు సైతము విడదీయబడుచున్నవి. కొలిమినుండి తప్పించినవారు తామే కొలిమికి త్రోవ వేయుచున్నారు.

మూఢత్వము వేరొక రూపమునను ఈ యంత్రములను పట్టినది. పాత సింగరు యంత్రములలో ఎఱ్ఱ పాదరస మనునదేదో యున్నదనియు, అది నిధులను చూపుననియు 2009లో సౌదీ అరేబియాలో వదంతి పుట్టగా, జనులు వేలకొలది రియాళ్లు పోసి వానిని కొనిరి. అట్టి పాదరసమే లోకమున లేదు. నిధి యున్నమాట మాత్రము నిజమే. సూది పైకిని క్రిందికిని ఆడుటయే ఆ నిధి.

ఇక పునరుద్ధరణ మనుదానిని చూతము. పలువురు చేయునదేమనగా, యంత్రమునకు నిగనిగలాడు క్రొత్త రంగు పూసి, క్రొత్త బంగారుబొమ్మలంటించి, లోపలి భాగమును ముట్టక విడుచుట. ఇది శవమునకు పసుపు పూయుట. పాతతలపై గుడ్డ జారుచోట బొమ్మ అరిగి యుండును. అది లోపము కాదు, ఒక యిల్లాలి దినచర్య. దానిని చెరపువాడు ఆమె సంతకమును చెరపుచున్నాడు. వేరొకడు మురికి పోవునని స్పిరిటుతో తుడుచును. బొమ్మలపైని పూత లక్కతో చేసినది గనుక, స్పిరిటు తగిలినతోడనే కరగి బొమ్మలతో కూడ గుడ్డకు వచ్చును.

బిగిసిన యంత్రము చచ్చిన యంత్రము కాదు. మన యిండ్లలో మిషనుకు కొబ్బరినూనెయో నువ్వులనూనెయో చేతికందినది పోయుట వాడుక. వంటనూనె కాలక్రమమున దుమ్ముతో కలిసి జిగురై, కీళ్లను బంధించును. మొదట షటిలు తిరుగుచోట చిక్కుకొన్న దారపుముక్కలు తీయవలెను. తరువాత గుడ్డను జరుపు పండ్ల క్రింద గట్టిపడిన నూగును గోకవలెను. పిదప కదలు ప్రతికీలునందును మిషనునూనె చుక్కలు చుక్కలుగా విడిచి, వేడిగాలి తగిలించి, ఒక దినము ఊరుకొనవలెను. మరునాడు చక్రమును వెండ్రుకవాసి ముందుకును వెనుకకును ఆడింపవలెను. బలవంతము పనికిరాదు. వారముదినములు ఓపిక పట్టినచో, పోతయినుము పగిలియుండనంతవరకు, పెక్కు యంత్రములు కన్ను తెరచును. అటుపిమ్మట రెండు పొరల గుడ్డ కుట్టి ఇరువైపుల చూడవలెను. పైదారము క్రింద ఉచ్చులుగా కనబడరాదు, క్రిందిదారము పైకి పొడుచుకొనిరాదు. ముడి రెండు పొరల నడుమ దాగవలెను. ఈ పరీక్షకు నిలువని యంత్రమును పునరుద్ధరించితిమని చెప్పుకొనుట సిగ్గుచేటు.

నిజమైన సేకరణకర్తలయెడ నాకు గౌరవము కలదు. యంత్రమునొసటనున్న సంఖ్యనుబట్టి, ఆ సంఖ్యల వరుస ఏ కర్మాగారమునకు ఏ యేట కేటాయింపబడెనో తెలిసికొనుటకు వారి శ్రద్ధయే కారణము. స్కాట్లాండులోని క్లైడుబ్యాంకు కర్మాగారమున 1911 మార్చిలో, పెట్టెలకు మెఱుగుపెట్టు పండ్రెండుగురు స్త్రీలు, తమలో కొందరిని తొలగించి ఆ పనిభారమును మిగిలినవారిపై మోపినందుకు పని నిలిపిరి. వారికి తోడుగా వేలకొలది కార్మికులు బయటికి వచ్చిరి. సమ్మె ఓడెను, నాయకులైనవారు పనినుండి తీసివేయబడిరి. 1980లో ఆ కర్మాగారమే మూతపడినది. ఆనాటి సంఖ్యగల యంత్రము మన యింటనున్నచో ఈ కథ తెలిసియుండుట మేలు. దానిని గోడకు తగిలించువానికి మాత్రము కథయు తెలియదు, కుట్టును రాదు.

గాంధీమహాత్ముడు యంత్రములను ఖండించుచునే 1924లో సింగరు కుట్టుమిషనును మినహాయించెను. భార్య చేతికుట్టుతో పడు శ్రమను చూడలేక ప్రేమతో సింగరు దీనిని కనిపెట్టెనని ఆయన నమ్మిక. సింగరు అట్టివాడు కాడు. పలువురు స్త్రీలతో ఏకకాలమున సంసారములు నడిపి, గుట్టు బయటపడగా యూరపునకు తరలిపోయినవాడు. సూదిమొనయొద్ద కన్నమును ముడికుట్టును ఆయనకు ముందే 1846లో ఎలయాసు హోవె అధికారపత్రమున కెక్కించెను. ఈ యంత్రమునకు పుణ్యము కనిపెట్టినవానివలన రాలేదు, త్రొక్కినవారివలన వచ్చినది.

"క్రొత్తవి చవుకగా దొరకుచుండ ఈ పాతయినుముతో పనియేమి?" యని కొందరందురు. అన్ని పాతయంత్రములును పనికివచ్చునని నేను వాదింపను. 1865 ప్రాంతమున వెలువడిన న్యూ ఫ్యామిలీ యంత్రమునకు తగు సూదులు నేడు సులభముగ దొరకవు. అట్టిది చూపుసాలలో నుండుటయే న్యాయము. 15వ తరగతి యంత్రము సంగతి వేరు. 1935లో కలకత్తాలో స్థాపితమైన జై ఇంజనీరింగు వర్క్సువారి ఉషా నల్లమిషను దాని పోలికనే చేయబడినది. కావున ఆ సూదులు, బాబినులు మన యే చిన్నపట్టణమునందైనను దొరకును. దానిలో ప్లాస్టికు పండ్లచక్రము విరుగునన్న భయము లేదు, విద్యుత్తు పోయినచో పని నిలువదు. ఇంగ్లాండులో టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్ అను సంస్థవారు పాత పనిముట్లతోపాటు కుట్టుయంత్రములను బాగుచేసి ఆఫ్రికాదేశములకు పంపినారు. నలువది యంత్రములున్న మన పెద్దమనుష్యులు తమకిష్టమైన నాలుగుంచుకొని, ముప్పదియారు బాగుచేసి ఏల ఈయరాదు?

నేను మరునాడే ఆ పాతయినుము కొట్టునకు పోయితిని. తల యింకను ఉన్నది, 15వ తరగతిదే. తూకమునకు కొని తెచ్చి తొమ్మిదిదినములు నూనె విడిచితిని. పదవనాడు చక్రము తిరిగినది. మా వీధిలో రవికెలు కుట్టు నొకామె మిషను తల పగిలి, బల్లయు కాళ్లును ఊరక పడియున్నవి. ఆ బల్లకు ఇది సరిపోయినది. ఆమె నాలుగు బారలు కుట్టి చూచి, గుడ్డ తిరుగవేసి చూచి, "బాగుంది బాబాయిగారూ, దీనికి మోటారు పెట్టించుకోవచ్చునా?" అని యడిగినది. నా మిత్రుడు వినినచో అపచారమనును. మరుసటివారము నేనే పోయి మోటారు బిగింపించితిని.