జేబులో చాకు: చిన్నదా, పెద్దదా?

మడతచాకు కొనబోయే మనిషి అంగడిలోనే పొరపాటు పడతాడు. వర్తకుడు అతని ముందు రెండు చాకులు ఉంచుతాడు. ఒకటి మూసినప్పుడు చిటికెనవ్రేలంత. రెండవది విప్పితే జానెడుకు కొంచెమే తక్కువ. పెద్దదానిని పిడికిట బిగించగానే చేతికి ఒక నిండుదనం, మనస్సుకు ఒక ధీమా కలుగుతాయి. ఎన్నడూ చేయని పనులన్నీ ఆ క్షణాన జ్ఞాపకానికి వస్తాయి: వెదురుబద్ద చీల్చడం, మోకు కోయడం, తోటలో రెమ్మలు కత్తిరించడం. పెద్దదే కొంటాడు. పదిరోజులు జేబు బరువుగా వ్రేలాడుతుంది. కూర్చున్నప్పుడు తొడకు ఒత్తుకొంటుంది. ఉతకవేసే బట్టలలో దానిని మరచినందుకు ఇంటిలో మాట పడవలసి వస్తుంది. నెల తిరిగేసరికి ఆ చాకు బీరువా సొరుగు చేరుతుంది. తీరా పుస్తకాల కట్ట విప్పవలసిననాడు ఆ పెద్దమనిషి దారాన్ని పండ్లతో కొరుకుతూ కనబడతాడు.

నిత్యం వెంట ఉండవలసిన పనిముట్టుకు మొదటి గుణం వెంట ఉండడమే. ఈ ఒక్క లెక్కతోనే చిన్న చాకు గెలుస్తుంది. ఉపాధ్యాయునికి, విద్యార్థికి, గుమాస్తాకు అదే తగినది. ఐతే చిన్నదానిని మెచ్చుకొనేవారు సాధారణంగా చెప్పే కారణం వేరు. "చిన్నది గదా, ప్రమాదం ఉండదు" అంటారు. నిర్ణయం సరియైనదే గాని కారణం తప్పు. ఈ తప్పు కారణాన్ని నమ్మి, చాకు పట్టే విధానం చెప్పకుండానే దానిని పిల్లవాని చేతికి ఇచ్చివేసేవారు ఎందరో.

చాకుకు ఎంత పరిమాణం తగునన్న ప్రశ్నను ఫ్రాన్సు దేశంలో, సవోయ్ కొండసీమలో, పనిముట్లు చేసే ఒక కుటుంబం తరతరాలుగా పరీక్షించి చూచింది. జోసెఫ్ ఒపినెల్ అనే యువకుడు 1890లో తన మడతచాకును రూపొందించాడు. ఒక కొయ్యపిడి, ఒక అలుగు, ఆ అలుగు మడిచినప్పుడు దాగడానికి పిడిలో ఒక గాడి. అంతకుమించి అందులో ఆడంబరం లేదు. 1897లో అదే చాకును 1 మొదలు 12 వరకు అంకెలు వేసి పన్నెండు పరిమాణాలలో అమ్మసాగాడు. 1వ అంకె చాకు అలుగు 2 సెంటీమీటర్లు. 12వ దానిది 12 సెంటీమీటర్లు. కొనేవాడు తన చేతిని, తన పనిని చూచుకొని అంకె చెబితే చాలు. కాలక్రమాన ఆ వరుసలో రెండంకెలు రాలిపోయాయి. 1వది మరీ చిన్నది, పనికి ఆనదు. 11వది 10కి, 12కి నడుమ ఇరుకునబడి అనవసరమైంది. అన్నిటికంటె పేరుపొందినది 8వది. దాని అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు.

ఉపాధ్యాయులు గమనింపదగిన సంగతి మరొకటి ఉన్నది. చాకు పట్టడం నేర్చుకొనే పిల్లలకని ప్రత్యేకంగా ఒకటి చేయదలచినప్పుడు ఆ సంస్థ ఏ అంకెను ఎన్నుకొన్నది? 2వదో 3వదో అయి ఉంటుందని ఎవరైనా అనుకొంటారు. కాదు, 7వది. అలుగు 8 సెంటీమీటర్లు ఉన్నది. మొనను మాత్రం గుండ్రంగా తీర్చారు. తెరచిన అలుగు మడతపడకుండ పిడి మెడకు ఒక ఉక్కుకట్టు కూడ ఉన్నది. ఆ కట్టును 1955లో మార్సెల్ ఒపినెల్ కల్పించాడు. వరుసలోని మరీ చిన్న అంకెలకు అది లేనే లేదు. పిల్లవానిది చిన్న చేయి గనుక చాకు కూడ అతిచిన్నదై ఉండాలని తలచేవారికి ఇది ఆశ్చర్యంగానే తోస్తుంది.

కారణం పిడిలో ఉన్నది. చాకు ఇచ్చేటప్పుడు పెద్దలు అలుగు పొడవు చూస్తారు. చూడవలసినది పిడి పొడవు. పిడి అరచేతికి ఆనకపోతే పట్టంతా వ్రేళ్ళకొసల మీద నిలుస్తుంది. పట్టు చాలనప్పుడు బలం పెంచుతారు. బలం పెరిగినకొద్దీ చాకు జారుతుంది. పైగా చిన్న చాకులలో అనేకం బిగింపు లేనివి. వెనుకనున్న ఉక్కుబద్ద ఒత్తిడి మాత్రమే అలుగును తెరచి నిలుపుతుంది. వాదర కొయ్యమీద నొక్కినంతసేపు భయం లేదు. మొనతో రంధ్రం తొలచబోయినా, ఇరుక్కొన్న అలుగును వెనుకకు ఊపి లాగబోయినా, అది మడతపడి పట్టినవాని వ్రేళ్ళమీదికే వస్తుంది. ఇక వాదర మొద్దుబారితే చెప్పనక్కరలేదు. సాన పట్టని చాకు ప్రమాదం లేనిదని తలచి దానినే పిల్లలకు విడిచిపెట్టే ఇండ్లు కలవు. పదును లేని చాకును రెట్టింపు బలంతో నొక్కవలసి వస్తుందన్న సంగతి వారికి తట్టదు.

కనుక చిన్నదనగా ఎంత చిన్నది అన్న ప్రశ్న మిగులుతుంది. స్విట్జర్లండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో పనిశాల తెరచి, 1891లో స్విస్ సైన్యానికి చాకులు అందజేశాడు. 1897లో అధికారుల చాకు వెలువడింది. ఆ సంప్రదాయంలో వచ్చిన చాకులలో తాళపుగుత్తికి తగిలించుకొనే చిన్నది మూసినప్పుడు 58 మిల్లీమీటర్లు, బరువు సుమారు 21 గ్రాములు. మూడు పదిరూపాయల నాణేలంత కూడ తూగదు. మధ్యరకం 91 మిల్లీమీటర్లు. అందులో సాదావి 60 గ్రాముల ప్రాంతంలో ఉంటాయి. 2008లో ఆ దేశపు సైన్యం ఎన్నుకొన్న సైనికుల చాకు 111 మిల్లీమీటర్లు, సుమారు 131 గ్రాములు. సైనికునికి అది న్యాయమే. బలమైన జేబులు, నడుముపట్టీ అతనికి ఉన్నాయి. చేతితొడుగులు తీయకుండ ఒంటిచేత్తో అలుగు తెరవవలసిన అవసరమూ ఉన్నది. బడిపంతులు లాల్చీజేబుకు అంత సైనికవ్యయం ఎందుకు? అట్లని 58 మిల్లీమీటర్లది దారం త్రెంచడానికి, కవరు చించడానికి సరిపోతుందే గాని, పెన్సిలు చెక్కబోతే పిడి వ్రేళ్ళలో పొర్లుతుంది. మూసినప్పుడు 8 నుండి 9 సెంటీమీటర్లు, అలుగు 6, 7 సెంటీమీటర్లు: ఈ కొలతలో చేయికి పట్టు దొరుకుతుంది, జేబుకు భారం ఉండదు.

వ్రాతపనివారి చాకు ఏనాడూ పెద్దది కాదు. ఐరోపాలో పక్షి ఈకలను కలాలుగా చెక్కుకొనేందుకే జేబుచాకు ఒక రకం పుట్టింది. ఈకలు పోయి ఉక్కుపాళీలు వచ్చిన తరువాత కూడ ఆ పేరు నిలిచింది. దక్షిణదేశంలో తాటాకుల మీద వ్రాసే లేఖకులకు గంటంతో పాటు ఆకు అంచులు తీర్చే చిన్నకత్తి కావలసివచ్చేది. గంటాన్ని, కత్తిని ఒకే పిడిలోకి మడిచే పరికరాలు కూడ ఉండేవి. చదువుకు, చాకుకు ఇంత పాతచుట్టరికం ఉండగా, బడిలో చాకు పేరెత్తితేనే ఉలికిపడే కాలం ఎట్లా వచ్చింది?

ఇందుకు జపాను అనుభవం చెప్పుకోదగినది. అక్కడ హిగోనోకామి అనే చౌకరకం మడతచాకు విద్యార్థుల పెన్సిలుపెట్టెలలో సర్వసాధారణంగా ఉండేది. దానికి బిగింపు లేదు. వెనుకనున్న చిన్న మీటను బొటనవ్రేలితో అదిమి పట్టుకోవాలి. అనగా పట్టు నేర్వనివానికి ఆ చాకు పని చేయదు. 1960 అక్టోబరు 12న సోషలిస్టు నాయకుడు ఇనెజిరో అసనుమాను టోకియో సభావేదికపై 17 ఏండ్ల యువకుడు హత్య చేశాడు. వాడిన ఆయుధం పొట్టికత్తి, జేబుచాకు కాదు. ఐనా ఆ ఘోరం తరువాత పిల్లలకు చాకులు వద్దన్న ఉద్యమం దేశమంతటా ప్రబలింది. పెన్సిళ్ళు చెక్కే యంత్రాలు కూడ ఇండ్లలోకి, బడులలోకి వచ్చాయి. హిగోనోకామి పెన్సిలుపెట్టెల నుండి మాయమైంది. ఐతే నాగానో ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాల 1983లో కొత్తగా చేరిన పిల్లలకు ఆ చాకునే ఇచ్చి, పెన్సిలు చెక్కడం నేర్పే ఆచారం మొదలుపెట్టింది. పొడవును చూచి భయపడడం మాని, పట్టు నేర్పడానికి పూనుకొన్న బడి అది.

తెలుగునాట బడులలో చాకు నిషేధమే. కాని పిల్లల పెట్టెలు వెదకితే గడ్డపు బ్లేడు సగం ముక్క దొరకకపోదు. పిడి లేదు, ఒర లేదు. పదును మాత్రం సంపూర్ణం. దానితో పెన్సిలు చెక్కుతారు, గోళ్ళు తీస్తారు, మామిడికాయ చీరి ఉప్పుకారం అద్దుకొంటారు. అది అతిచిన్నది గనుక ఎవరికీ భయం లేదు! పరిమాణమే క్షేమానికి ప్రమాణమని నమ్మడంలోని తెలివితక్కువ ఈ సగం బ్లేడు దగ్గర బయటపడుతుంది. పిడి గల, మొన గుండ్రని, పదునైన చాకులు నాలుగో ఐదో ఉపాధ్యాయుని సొరుగులో ఉండి, చేతిపని గంటలో ఆయన కన్నుల ఎదుట పిల్లలు వాటిని వాడి, లెక్కపెట్టి తిరిగి ఇచ్చివేయడం ఇంతకంటె ఎంతో మేలు. చాకును విద్యార్థి స్వంతజేబులో తిరగనివ్వాలా వద్దా అన్నది వేరు ప్రశ్న. తగవులాడే వయస్సు పిల్లల జేబులలో అది లేకపోవడమే మంచిదని అనేక బడులు తలిస్తే తప్పుపట్టలేము.

పెద్దలకు కూడ చట్టమనేది ఒకటి ఉన్నది. బ్రిటనులో 1988 నాటి శాసనం ప్రకారం, తగిన కారణం చూపకుండా వీధిలో వెంట ఉంచుకోదగిన మడతచాకు అలుగు మూడంగుళాలు మించరాదు. అది బిగింపు లేనిదై కూడ ఉండాలి. క్షేమం కొరకు చేసిన బిగింపే అక్కడ నేరానికి దారి కావడం కొంత వింతయే. భారతదేశపు ఆయుధ నిబంధనలు 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు మించిన అలుగులను పట్టించుకొంటాయి. ఇంటిపనికి, సేద్యానికి చేసినవి ఆ లెక్కలోకి రావు. సాధారణమైన జేబుచాకు ఆ కొలతలను చేరదు. ఐనా విమానంలో వెంట తీసుకుపోయే సంచిలో చాకు ఉంటే కొలతతో పనిలేకుండ తీసివేస్తారు. పరీక్షశాల వాకిట కూడ అంతే. ఇక రైలుపెట్టెలో పండు కోయడానికి జానెడు చాకు తీసి విప్పినవాడు చుట్టుప్రక్కలవారి ముఖాలు చూచియే దానిని మడుస్తాడు. ఆరు సెంటీమీటర్ల చాకుతో జామపండు కోస్తే ప్రక్కవారు ముక్కకు చేయి చాపుతారు.

పెద్ద చాకు కొని సొరుగులో పడవేసినవారు దానిని పారవేయనక్కరలేదు. పెరటిలో పందిరి వేసేనాడు, కొబ్బరితాళ్ళు కోసేనాడు దాని పిడి విలువ తెలుస్తుంది. ఆ రోజున తీసి, మడత కీలులో ఒక చుక్క నూనె వేసి, సానరాయి మీద నాలుగుసార్లు నడిపి వాడుకొని, తుడిచి మళ్ళీ సొరుగులోనే ఉంచాలి.